మా ఇంటి రేషను బియ్యము

పోయిన నెలలో ఏడవ తరగతి పిల్లలకు "మా ఇంటి భోజనము" అను విషయమిచ్చి పది వాక్యములు వ్రాయుడని చెప్పితిమి. పుస్తకములు దిద్దుచుండగా ఒకదానియందు మా ఎఱ్ఱసిరా కలము ఆగిపోయినది. "మా అవ్వ రేషను బియ్యముతో దోసెలు పోయును" అని ఆ బాలుడు మొదట వ్రాసి, పిమ్మట "రేషను" అను మాటను కొట్టివేసినాడు. కొట్టివేయుట యనగా ఒక్క గీత కాదు. కాగితము చిరుగునంతగా సిరా రుద్దినాడు. వాక్యములో వ్యాకరణదోషము లేదు, అక్షరదోషమును లేదు. ఆ మాట యొక్కటియే వానికి బరువైనది.

ఈ సంచికకు ఏదైనను వ్రాసి ఇమ్మని పత్రికా సంఘపు విద్యార్థులు అడిగినప్పుడు, ఏటేటివలె శతకకవులను గూర్చియో, ఛందస్సును గూర్చియో వ్రాయుదమని కూర్చుంటిమి. కాని ఆ సిరామరక మమ్ము వదలలేదు. ఏలన, ఆ మాటను మేమును ఒకప్పుడు కొట్టివేసినవారమే.

మా స్వగ్రామము ఆంధ్ర సరిహద్దునకు నడచిపోదగినంత దూరములో ఉన్నది. మా బాల్యమున అది ధర్మపురి జిల్లా. కృష్ణగిరి వేరు జిల్లా అయినది 2004లో. ఆ మెట్టభూములలో పండునది రాగి. ఉదయము అంబలి, రాత్రి సంగటి. వరియన్నము పండుగకు, చుట్టములకు, జ్వరము తగిలిన బిడ్డకు. నెలనెలా రేషనంగడి బియ్యము ఇంటికి వచ్చుట వలననే అన్నము మాకు దినదినపు వస్తువైనది. అవ్వకు మాత్రము అది నచ్చలేదు. "సంగటి తిన్నోడు మాపటిదాకా మడక దున్నుతాడు, అన్నం తిన్నోడు మధ్యాహ్నానికే చెట్టు కింద చేరతాడు" అని ఆమె తుదివరకు అనుచునే యుండెను. ఈ కథకు ఒక కొనసాగింపు కలదు. 2023లో తమిళనాడు ప్రభుత్వము ధర్మపురి, నీలగిరి జిల్లాలలో కార్డునకు రెండు కిలోల బియ్యమునకు మాఱుగా రెండు కిలోల రాగులను ఇచ్చుట మొదలుపెట్టినది. అవ్వ అప్పటికి లేదు. ఉన్నచో, ఆలస్యముగా నైనను ప్రభువులకు బుద్ధి వచ్చినదని అనియుండును.

రేషనంగడికి పోవుట ఇంటిలో చిన్నవారమైన మా పని. గోనెసంచి ఒకటి, కిరసనాయిలు డబ్బా ఒకటి, చేతిలో పుటలు నలిగిన కార్డు. ఇంటికి తెచ్చిన బియ్యమును అమ్మ చేటలో పోసి వడ్లగింజలు, రాళ్ళు ఏఱుచుండెను. ముక్కవాసన పోవుటకు మూడు నీళ్ళ కడుగుచుండెను. ఎంత కడిగినను కొన్ని నెలలు ఆ వాసన అన్నమును వదలెడిది కాదు. ఒకనాడు బడిలో ప్రక్కన కూర్చున్న బాలుడు, కిరాణా వర్తకుని కుమారుడు, మా గిన్నె మూత తీయగానే ముక్కు మూసికొనెను. అంతియే, ఒక్క మాట అనలేదు. ఆనాటినుండి మేము ఇంటికి పోయి తిని వచ్చెదమని చెప్పి, పోక, బావిగట్టున కూర్చుండి వచ్చుచుంటిమి. ఎవరైనను అడిగినచో "మాది సన్నబియ్యమే" అని చెప్పుచుంటిమి. అబద్ధమును నిర్దోషమైన తెలుగులో చెప్పుట మేము నేర్చినది ఆ బావిగట్టుననే.

తెలుగు పండిత శిక్షణకై తిరుపతికి పోయినప్పుడు మాకు ఇరువదియేండ్లు దాటినవి. అచ్చట వసతిగృహములో వంటచేయు పెద్దామె ఉండెను. వందమందికి పైగా ఆమె చేతి అన్నము తింటిమి. 1983లో నందమూరి తారకరామారావు గారు కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ప్రారంభించిన దినములను ఆమె పండుగలవలె చెప్పుకొనుచుండెను. "అన్నగారి బియ్యం" అనుచుండెనే గాని ప్రభుత్వపు బియ్యమని ఎన్నడును అనలేదు. కాని మేమున్న దినములలో ఆమెకు బియ్యపు కార్డు లేదు! భర్త పోయిన పిమ్మట ఆమె అత్తవారింటినుండి వేఱుపడినది. పేరు మాత్రము అత్తగారి కార్డులోనే నిలిచిపోయినది. ఆ రాష్ట్రములో చౌకబియ్యము పొందుటకు అప్పుడు తెల్లకార్డు కావలసియుండెను. తెల్లకార్డునకు ఆదాయము తక్కువయని నిరూపించు పత్రము కావలసియుండెను. ఆ పత్రమునకు ముందు మఱియొక పత్రము కావలసియుండెను. "నాయనా, నువ్వు పండితుడివి అవుతున్నావు గదా, మంచి తెలుగులో ఒక అర్జీ రాసిపెట్టు" అని ఆమె అడిగినది.

మేము వ్రాసితిమి. ఎట్లు వ్రాసితిమనినచో, సంధులును సమాసములును కూర్చి, "దయార్ద్రహృదయులగు తమరు" అని మొదలుపెట్టి, నాలుగు పుటలు వ్రాసితిమి. అది చేర్చవలసిన పత్రము చేర్చలేదను కారణమున తిరిగి వచ్చినది. రెండవ అర్జీ ఒక పుట. అదియును తిరిగి వచ్చినది. మూడవది ఐదు పంక్తులు. దానికి కార్డు వచ్చినదో లేదో తెలియకమునుపే మా శిక్షణ ముగిసినది. పేదవానిని పేదవాడవని నిరూపించుకొమ్మని అడిగినచో, అందఱికంటె పేదవాడే ఆ పరీక్షలో తప్పునని మాకు అప్పుడు తెలిసినది. వానికి కాగితము లేదు, కాగితము వ్రాయువాడు లేడు, కచ్చేరి చుట్టు తిరుగుటకు కూలి మానుకొను వీలు లేదు.

ఈ విషయమున మనము నివసించు రాష్ట్రపు పద్ధతి వేఱు. 1997లో కేంద్ర ప్రభుత్వము దేశములోని కుటుంబములను దారిద్ర్యరేఖకు దిగువవారు, ఎగువవారు అని విడదీసి, వారికిచ్చు ధాన్యమునకు వేర్వేఱు ధరలను పెట్టినది. తమిళనాడు మాత్రము తన అంగళ్ళ ముందు ఆ గీతను గీయలేదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము గ్రామములలో నూటికి 75 మందికి, పట్టణములలో 50 మందికి మించకుండ ధాన్యపు హక్కును నిర్ణయించినది. ఆ చట్టమును 2016 నవంబరులో ఇచ్చట అమలుపఱచినప్పుడును, జాబితాలో లేనివారికి బియ్యము ఆపలేదు. బియ్యపు కార్డు గలవారికి 2011 జూన్ నుండి బియ్యము ఉచితము. మిక్కిలి పేదలకు అంత్యోదయ కార్డుమీద నెలకు 35 కిలోలు. కందిపప్పు కిలో 30 రూపాయలు, పామాయిలు ప్యాకెట్టు 25 రూపాయలు. ఆదాయపత్రము చూపుమని ఎవరును అడుగరు. బియ్యము వలదనుకొన్నవారు తామే వలదని వ్రాసి ఇచ్చి చక్కెర కార్డు పుచ్చుకొనవచ్చును. అనగా ఇచ్చట నిరూపించుకొనవలసినవాడు పేదవాడు కాడు. తనకు అక్కఱలేదని కలవాడే చెప్పుకొనవలెను.

ఇందు లోపములు లేవని మేమనము. కార్డుమీద వచ్చిన బియ్యము మూటలకెక్కి రాత్రివేళ కర్ణాటకకును, ఆంధ్రకును సరిహద్దు దాటుచున్న వార్తలు మనము చదువుచునే యున్నాము. ఏటికి వేలకోట్ల రూపాయల వ్యయము. కలవానికి ఇచ్చిన గింజ లేనివానికి తగ్గిన గింజ యని వాదించువారు మూర్ఖులు కారు. మా పాఠశాలలో గణితము చెప్పు మిత్రులొకరు ఇదే వాదము చేయుదురు. వారి లెక్క సరియైనదే. మేము మాత్రము లెక్కలోనికి రాని ఒక దానిని 2020లో చూచితిమి. దానిని దాచక చెప్పవలెను, తప్పు మాది.

ఆ ఏడు మార్చి నెలలో కరోనా కారణమున బడి మూతపడినది. గ్రానైటు రాయి కోయు పనులు ఆగినవి, పూలతోటలలో పూవులు కోయువారు లేక వాడిపోయినవి, కూలికి పోవువారు ఇండ్లలో కూర్చుండిరి. రేషనంగడిలో బియ్యము వచ్చుచునే యుండెను. ఏప్రిల్ నుండి కేంద్ర ప్రభుత్వపు పథకము క్రింద మనిషికి ఐదేసి కిలోలు అదనముగా మంజూరైనవి. ఐనను కూలి లేని ఇంటికి అది చాలదని ఎంచి, పట్టణములోని ఒక దాత మా పాఠశాలకు నలువది మూటల బియ్యము పంపెను. అర్హులను ఎంపిక చేయు భారము మా మీద పడినది. మేము మిక్కిలి శ్రద్ధతో చేసితిమి. ఎవరి తండ్రి ఏ పనివాడో, ఎవరి ఇల్లు పెంకుటిల్లో ఎవరిది రేకుల ఇల్లో ఆలోచించి ముప్పదియొక్క పేరులు వ్రాసితిమి. తెల్లకాగితము మీద అంచులకు గీతలు గీసి, "నిరుపేద విద్యార్థుల పట్టిక" అని పైన ముత్యములవంటి అక్షరములతో వ్రాసి, బడి ద్వారమునకు అంటించితిమి. మా దస్తూరిని ఇద్దఱు ముగ్గురు మెచ్చుకొనిరి కూడ.

ముప్పదిమంది వచ్చి తీసికొనిపోయిరి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె రాలేదు. తండ్రి లేడు, తల్లి బెంగుళూరులో ఇండ్లలో పనిచేయుచు ఆ మూతలో అచ్చటనే చిక్కుకొనిపోయినది. ఇంటిలో అవ్వయు, ఈ పిల్లయు మాత్రమే. మూటను బండిమీద వేసికొని మేమే పోయితిమి. పిల్ల వాకిట నిలుచుండి లోనికి రమ్మనలేదు.

"ఎందుకు రాలేదమ్మా?" అంటిమి.

"మాకు రేషన్ బియ్యం ఉంది సార్."

"అది చాలునా?"

ఆమె కొంతసేపు నేలను చూచెను. పిదప, "రేషనంగడికి పోతే కార్డు చూపిస్తే చాలు సార్. అక్కడ మా ఎదురింటి మేస్త్రీ కూడా నిలబడతాడు, కరెంటాఫీసు ఆయన పెండ్లాము కూడా నిలబడుతుంది. మీరు గేటుకి అంటించిన కాగితంలో మేము ముప్పైఒక్క మందే ఉన్నాము" అన్నది.

మేము ఏమియు పలుకలేకపోతిమి. ఇంతలో లోపలినుండి అవ్వ వచ్చి, "బియ్యం మీద కోపమేల, అయ్యవారూ, పెట్టిపోండి, అది చిన్నపిల్ల" అన్నది. మూటను అరుగు మీద దింపితిమి. ఆమె ఇచ్చిన మజ్జిగ త్రాగితిమి. వచ్చుచు త్రోవలో బడి ద్వారము కడ ఆగి ఆ పట్టికను చించివేసితిమి. మైదాతో అంటించితిమి గావున శీర్షిక సగము గోడకే నిలిచిపోయినది. మఱునాడు నీళ్ళతో నానబెట్టి గోకవలసి వచ్చినది.

జూన్‌లో మఱల బియ్యము వచ్చినప్పుడు పట్టిక వ్రాయలేదు. ఈ బడిలో చదువు బిడ్డ ఉన్న ఏ ఇంటివారైనను వచ్చి తీసికొనవచ్చునని తెలుగునందును, తమిళమునందును వ్రాసిపెట్టితిమి. "అందఱును వచ్చినచో?" అని ప్రధానోపాధ్యాయులు బెంగపడిరి. అందఱును రాలేదు. నలువది మూటలకు ఆఱు మిగిలినవి. కలవారని మేమనుకొన్న ఇండ్లనుండి ఇద్దఱు వచ్చిరి. వారిలో ఒకరు చిన్న బట్టల అంగడి నడుపువారు. రెండు నెలలుగా అంగడి తెఱవక, అప్పుపుట్టక, ఆ ఇంటివారు రాత్రి భోజనము మానినారని తరువాత తెలిసినది. మేము ఎన్ని పట్టికలు వ్రాసినను ఆయన పేరు వాటిలో ఉండెడిది కాదు. ఆ బాలికయు వచ్చినది. మాతో మాటాడలేదు, సంచిని తలకెత్తుకొని పోయినది.

అన్నము పెట్టుటకు ముందు పేరు పిలువకుండుట అను ఈ సంగతి మన మద్రాసు రాజధానిలో క్రొత్తది కాదు. చెన్నైలో త్యాగరాయనగరమును మీలో కొందఱు చూచియుందురు. ఆ పేరు గల పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబమువారు. ఆయన మద్రాసు కార్పొరేషనునకు అధ్యక్షులుగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషను పాఠశాలలో పిల్లలకు ఫలహారము పెట్టుటకు తీర్మానము జరిగినది. ఒక్కొక్క విద్యార్థికి దినమునకు అణాకు మించరాదని నియమము. 1956లో కామరాజు గారి ప్రభుత్వము బడిలో మధ్యాహ్నభోజనమును రాష్ట్రమున విస్తరింపజేసినది. 1982లో ఎం. జి. రామచంద్రన్ గారు దానిని పౌష్టికాహార పథకముగా పెంచిరి. 2022 సెప్టెంబరులో ప్రాథమిక తరగతుల పిల్లలకు ఉదయపు ఫలహారము మొదలైనది. మా బావిగట్టు దినములలో మేము ఆ వరుసలో కూర్చుండి తినియుండవచ్చును, గర్వము కూర్చుండనీయలేదు. మా పాఠశాలలో మధ్యాహ్నపు వరుసలో కూర్చున్న పిల్లలలో ఎవరి తండ్రి ఏమి చేయునో తెలిసికొనుటకు ఇప్పుడు మాకు వేఱు మార్గము లేదు. అందఱి పళ్ళెములలోను ఒకే సాంబారు, ఒకే గ్రుడ్డు.

ఇక అంగడి సంగతి. 2017 నుండి పాత పుస్తకపు కార్డు పోయి అరచేతిలో ఇమిడెడు స్మార్టు కార్డు వచ్చినది. దానిమీది పేరులు తమిళలిపిలో ఉండును. ఆ లిపిలో ప, ఫ, బ, భ లకు అక్షరము ఒక్కటియే; ట, డ లకును అంతే. కావున మన బుడ్డప్ప తాత అంగడివాని నోట పుట్టప్ప యగును. తాతకు అందు పట్టింపు లేదు గాని, ఆధారు కార్డులో ఇంగ్లీషున వేఱొకవిధముగా ఉన్నచో చిక్కులు వచ్చును. 2020 నుండి వ్రేలిముద్ర యంత్రము వచ్చినది. రాయి కొట్టిన చేతులకు, మెఱుగుపెట్టిన చేతులకు రేఖలు అరిగిపోయి యంత్రము ఆనవాలు పట్టదు. "ఇంకోసారి పెట్టవ్వా" అని అంగడివాడు అనుట, ఆమె చీరకొంగున వ్రేలు తుడిచి మఱల పెట్టుట, ఇది ప్రతి నెల చూచునదే. నడువలేని వృద్ధులకు ఇంటికే సరకులు చేర్చు పథకము 2025 ఆగస్టులో ప్రారంభమైనది. అట్టివారు ఇంటనున్నచో మీరు విచారించి చూడుడు.

అంగడి ముందఱి పలక తమిళములో ఉండును. మన పెద్దలలో చాలమందికి ఆ భాష నాలుకకు తెలియును, కంటికి తెలియదు. మీరు తెలుగుతోపాటు తమిళమును చదువుచున్నారు గనుక మీ చదువు మొదట ఫలించునది ఆ పలక కడనే. రెండేండ్ల క్రిందట ఒక పిల్లవాడు గుప్పెడు బియ్యము తెచ్చి, "ఇందులో ప్లాస్టిక్ కలిపినారంట సార్, అవ్వ ఏరి పారేస్తా ఉంది" అన్నాడు. విజ్ఞానశాస్త్రపు మాస్టరుగారు చూచి చెప్పిరి: అవి బియ్యపుపిండిలో ఇనుము, ఫోలికామ్లము, బి12 విటమిను చేర్చి గింజలుగా ఒత్తినవి, నూటికి ఒకటి చొప్పున కలుపుదురు. రక్తహీనత గల అవ్వ ఆ మందునే చేటనుండి ఏఱి కోళ్ళకు వేయుచుండెను. ఆ కోళ్ళు మాత్రము బాగుగా ఉన్నవని ఆ పిల్లవాడు చెప్పినాడు.

దోసెల బాలుని పుస్తకమునకు తిరిగి వత్తము. సిరామరక ప్రక్కన మేము ఏమియు దిద్దలేదు. "ఈ దోసె ఎట్లు చేయుదురు? నాలుగు వాక్యములు వ్రాయుము" అని మాత్రము వ్రాసితిమి. వాడు ఏడు వాక్యములు వ్రాసినాడు. ఉప్పుడు బియ్యము మూడు పాళ్ళు, పచ్చిబియ్యము ఒక పాలు, గుప్పెడు మినుములు, మెంతులు కొంచెము. అవ్వ రాత్రి ఱుబ్బి మూతపెట్టునట. చలికాలములో పిండి పొంగకున్నచో కుండకు పాత దుప్పటి చుట్టునట. బియ్యమెచ్చటిదో వ్రాయలేదు. మేమును అడుగలేదు.

మాది చక్కెర కార్డు. ఉద్యోగము వచ్చిన ఏడు బియ్యము వలదని వ్రాసి ఇచ్చితిమి. అది త్యాగముచేతనో, బావిగట్టు గర్వముచేతనో ఇప్పటికిని మాకు నిశ్చయము లేదు. చాలకాలము పప్పు, నూనెలకు మా సహధర్మచారిణినే పంపుచుంటిమి. ఇప్పుడు మేమే పోవుచున్నాము. పోయిన శనివారము పోయినప్పుడు ఆ బాలుడు అవ్వతో కూడ వరుసలో ఉండెను. మమ్ము చూచి ఒక్క క్షణము సంచిని వెనుకకు దాచెను. పిదప మా చేతిలోని సంచిని, నూనెపొట్లమునకు తెచ్చిన డబ్బాను చూచెను.

"సార్, పామాయిలు ఇంకా రాలేదని రాసినారు. పప్పు మాత్రమే" అని పలకను చూపి చదివి చెప్పినాడు.

అవ్వ వెనుకకు తిరిగి, "అయ్యవారూ, ముందుకు రండి, మీరు బడికి పోవల్ల గదా" అన్నది. శనివారము సెలవని చెప్పి మా చోటనే నిలిచితిమి. మా ముందు పదునొకండుగురు ఉండిరి.